రెండు మిక్సర్లు, ఒకే నెట్‌వర్క్: లైవ్ సౌండ్‌లో డిజిటల్ కన్సోళ్లను కలిపే పద్ధతి

ఎఫ్‌ఓహెచ్‌లో (జనం వైపు నుంచి హాలు మొత్తానికి శబ్దం కలిపే చోటు) ఒక డిజిటల్ మిక్సర్, వేదిక పక్కన మానిటర్ల (కళాకారులు తమను తాము వినే స్పీకర్లు) కోసం మరొకటి. రెండింటికీ అవే మైకులు కావాలి. ‘కేబుల్ పెట్టాం, లైట్లు వెలుగుతున్నాయి, శబ్దం మాత్రం రావడం లేదన్నా’ అని ఒకరు, ‘శబ్దం వస్తోంది కానీ మధ్యమధ్యలో టిక్కుమంటోంది’ అని మరొకరు, పెళ్లిళ్ల సీజను వచ్చిందంటే ఫోన్లు చేస్తూనే ఉంటారు. ఇద్దరి ఇబ్బందికీ మూలం దాదాపు ఎప్పుడూ ఒకటే: పనులు చేసిన వరుస తప్పింది.

అందుకే దీన్ని వరుస ప్రకారమే రాస్తున్నాను. ఒక మాట మాత్రం ముందే గట్టిగా చెబుతాను. నెట్‌వర్క్‌ను వేదిక దగ్గర కట్టకూడదు. గోడౌన్‌లో కట్టి, నడిపి చూసి, విప్పి, వేదిక దగ్గర మళ్లీ బిగించాలి. హైదరాబాద్‌లో ఫంక్షన్ హాలు మన చేతికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. పూల అలంకరణ వాళ్లు, లైటింగ్ వాళ్లు, వంటవాళ్లు అందరి బండ్లూ ఒకే గేటు దగ్గర ఉంటాయి. బహిరంగ స్థలమైతే రాత్రి 10 గంటలకు లౌడ్‌స్పీకర్లు ఆపాలి. ఆ హడావుడిలో ఐపీ అడ్రసులు వెతుక్కునే తీరిక ఎవరికీ ఉండదు.

1. ముందు తేల్చుకోవలసింది: మీ పరికరాలు ఏ భాష మాట్లాడతాయి?

అన్ని మిక్సర్ల వెనకా ఒకేలాంటి నెట్‌వర్క్ సాకెట్ కనిపిస్తుంది. అందులో నడిచేది మాత్రం ఒకటి కాదు. ఇక్కడే చాలామంది మొదటి తప్పు చేస్తారు.

యమహా సీఎల్, క్యూఎల్ మిక్సర్లలో డాంటే (నెట్‌వర్క్ మీద శబ్దం పంపే ఒక పద్ధతి) లోపలే ఉంటుంది. టీఎఫ్ మిక్సర్‌కు విడిగా కార్డు వేయాలి. డాంటే మామూలు ఈథర్‌నెట్ స్విచ్‌ల గుండా వెళ్తుంది.

బెహ్రింగర్ ఎక్స్32, మైడాస్ ఎం32 మిక్సర్లలో ఉండేది ఏఈఎస్50 అనే మరో పద్ధతి. కేబుల్ అదే, సాకెట్ అదే, కానీ అది స్విచ్ గుండా వెళ్లదు. పరికరం నుంచి పరికరానికి నేరుగా వెళ్లాలి. ఒక్కో పోర్టులో 48 కిలోహెర్ట్జ్ శాంపుల్ రేటు (సెకనుకు ఎన్నిసార్లు శబ్దాన్ని కొలుస్తుందో ఆ లెక్క) దగ్గర రెండు వైపులా 48 చానళ్లు నడుస్తాయి. అలెన్ అండ్ హీత్ ఎస్‌క్యూ మిక్సర్లలో ఎస్‌లింక్ అనే వాళ్ల సొంత పద్ధతి ఉంటుంది, డాంటే కావాలంటే కార్డు వేసుకోవాలి.

కాబట్టి అద్దెకు తెచ్చుకునే ముందే ప్రతి పరికరానికీ ఈ మూడు అడగండి: ఏ ప్రోటోకాల్ (శబ్దం పంపే పద్ధతి), ఎన్ని చానళ్లు, కార్డు నిజంగా వేసి ఉందా? మూడోది అడగకపోవడం వల్ల సాయంత్రం 5 గంటలకు కార్డు కోసం ఊరంతా తిరిగినవాళ్లను నేను చూశాను.

రవీంద్రభారతిలో పన్నెండు మైకుల గాత్ర కచేరీకి ఇదంతా అక్కర్లేదని కూడా చెప్పాలి. ఒక మిక్సర్, ఒక స్నేక్ కేబుల్ (చాలా మైకు లైన్లు ఒకే తొడుగులో ఉండేది) చాలు. వేర్వేరు మిక్సర్లు ఒకే మైకును పంచుకోవలసి వచ్చినప్పుడు, లేదా మల్టీట్రాక్ రికార్డింగ్ (ఒక్కో మైకును విడిగా రికార్డు చేయడం) కావలసినప్పుడు నెట్‌వర్క్ జోలికి వెళ్లండి.

2. కాగితం మీద ప్యాచ్ (ఏ మైకు ఎక్కడికి వెళ్లాలన్న జాబితా)

ఒక ఉదాహరణ పట్టుకుని ముందుకు వెళ్దాం. శంషాబాద్ వైపు ఒక లాన్‌లో సంగీత్ కార్యక్రమం. 40 మైకు లైన్లు, వేదికకు రెండు వైపులా రెండు స్టేజ్ బాక్సులు (మైకు కేబుళ్లు గుచ్చే పెట్టెలు), ఎఫ్‌ఓహెచ్, మానిటర్ మిక్సర్లు, రికార్డింగ్‌కు ఒక ల్యాప్‌టాప్. పరికరాలన్నీ డాంటేవే.

కాగితం మీద నాలుగు గడులు గీయండి: మైకు, ఏ స్టేజ్ బాక్సులో ఎన్నో సాకెట్, నెట్‌వర్క్‌లో ఎన్నో చానల్, ఏ మిక్సర్‌లో ఎన్నో చానల్. ఈ కాగితం మూడు ప్రతులు తీసి మూడు చోట్ల అంటించండి. ఫోనులో ఫొటో ఉందిగా అనుకోవద్దు. వేదిక కింద చీకట్లో రెండు చేతులతో కేబుల్ పట్టుకున్న హెల్పర్‌కు అంటించిన కాగితమే పనికొస్తుంది.

ఒకే పాటకు ఉండే మైకులను ఒకే బాక్సులో వేయండి. డోలు, తబలా మైకులు ఎడమ బాక్సులో కొన్ని, కుడి బాక్సులో కొన్ని పెడితే సమస్య వచ్చినప్పుడు రెండు వైపులా పరిగెత్తాలి.

3. కేబుళ్లు, దూరం

రాగి నెట్‌వర్క్ కేబుల్‌కు హద్దు 100 మీటర్లు. వేదిక నుంచి ఎఫ్‌ఓహెచ్‌కు 60 మీటర్లే కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. అది గాలిలో కొలిచిన దూరం. కేబుల్ కుర్చీల చుట్టూ తిరిగి, గోడ వెంట పోయి, టెంటు స్తంభం ఎక్కి దిగేసరికి 110 మీటర్లు అవుతుంది. అడుగులతో దారి వెంట నడిచి కొలవండి. కార్యక్రమాల్లో వాడే మెత్తని కేబుల్‌ను నేను 75 మీటర్లకు మించనివ్వను. అంతకు మించితే ఫైబర్ వేయాలి. రెండు చివరలా ఒకే రకం మాడ్యూళ్లు (ఫైబర్ గుచ్చే భాగాలు) ఉండాలి: సింగిల్ మోడ్ అయితే రెండూ సింగిల్ మోడే.

కోఠి గుజరాతీ గల్లీలో కేబుల్ కొంటుంటే ఒక చిన్న పరీక్ష చేయండి. తీగను బ్లేడుతో గీకండి. లోపల వెండిలా తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. ధర తక్కువ, చుట్ట చేతికి తేలిగ్గా ఉంటుంది, మీ కార్యక్రమానికి మాత్రం పనికిరాదు. రాగిలో కూడా ఒకే గట్టి తీగ ఉండేది గోడల్లో వేయడానికి. రోజూ చుట్టి విప్పితే లోపల విరుగుతుంది. సన్నని పోగులు అల్లినది తీసుకోండి.

ఏఈఎస్50కి మాత్రం షీల్డు (తీగల చుట్టూ లోహపు పొర) ఉన్న కేబుల్, రెండు చివరలా షీల్డు కలిసిన లోహపు ఈథర్‌కాన్ కనెక్టర్లు తప్పనిసరి. స్థిర విద్యుత్తు తగిలితే ఈ లింకు క్షణంపాటు తెగుతుంది. చలికాలంలో, ఎండాకాలంలో మన గాలి పొడిగా ఉంటుంది, హాళ్లలో కొత్త కార్పెట్లు పరుస్తారు. మైకు స్టాండు ముట్టుకుంటే చిటుక్కుమనే రోజుల్లో షీల్డు లేని కేబుల్ పెట్టడం ప్రమాదమే.

కరెంటు కేబుళ్ల పక్కనే సమాంతరంగా నడపకండి. దాటక తప్పకపోతే అడ్డంగా, లంబకోణంలో దాటించండి.

4. స్విచ్‌ను ముందే సిద్ధం చేయడం

నాలుగు చానళ్ల డాంటే ప్రవాహం ఒకటి సుమారు 6 ఎంబీపీఎస్ తీసుకుంటుంది. 32 చానళ్లకు ఎనిమిది ప్రవాహాలు, అంటే 48 ఎంబీపీఎస్. గిగాబిట్ (1,000 ఎంబీపీఎస్) స్విచ్‌కు ఇది ఒక లెక్కే కాదు. 100 ఎంబీపీఎస్ స్విచ్‌కు మాత్రం రెండు మిక్సర్లూ అందుకోగానే ఊపిరాడదు. సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ మార్కెట్) ఇంటర్నెట్ కోసం అమ్మే చవక స్విచ్‌ను ‘అన్నీ ఒకటేలే’ అని తేవద్దు. సెట్టింగులు మార్చుకునే వీలున్న గిగాబిట్ స్విచ్ కావాలి.

గోడౌన్‌లో దాని సెట్టింగుల్లోకి వెళ్లి ఇవి చూడండి:

- విద్యుత్తు ఆదా చేసే ఈఈఈ సౌకర్యం అన్ని పోర్టుల్లోనూ ఆపేశారా? క్లాక్ (పరికరాలన్నీ అనుసరించే తాళం, దీని గురించి 7లో) వణకడానికి ఇది పెద్ద కారణం.
- డీఎస్‌సీపీ (ఏ ప్యాకెట్ ముందు వెళ్లాలో చెప్పే సంఖ్య) ప్రాధాన్యం పెట్టారా? 56 సంఖ్య ఉన్న క్లాక్ ప్యాకెట్లు అన్నిటికన్నా ముందు, 46 ఉన్న ఆడియో ఆ తర్వాత, మిగతావన్నీ వాటి వెనక.
- మల్టీకాస్ట్ (ఒకే ప్రవాహాన్ని చాలా పరికరాలకు ఒకేసారి పంపడం) వాడుతుంటే ఐజీఎంపీ స్నూపింగ్ (అడిగిన పోర్టులకే దాన్ని పంపే సౌకర్యం) ఆన్‌లో ఉందా? క్వెరియర్‌గా (ఎవరికి కావాలో అడిగేదిగా) ఒకే స్విచ్ ఉందా?
- సెట్టింగులు సేవ్ చేశారా? కరెంటు తీసి పెట్టి చూడండి. కొన్ని స్విచ్‌లు సేవ్ చేయకపోతే అన్నీ మరిచిపోతాయి.

ప్రతి పరికరం నుంచీ స్విచ్‌కు విడిగా కేబుల్ రావాలి. ఒకదాని తోకకు ఒకటి కట్టుకుంటూ పోతే మధ్యలో ఒక బాక్సు ఆగినప్పుడు దాని వెనకవన్నీ ఆగిపోతాయి.

5. కరెంటు, ఆన్ చేసే వరుస

మిక్సర్లకు, స్విచ్‌లకు ఆన్‌లైన్ యూపీఎస్ (కరెంటు మారినా క్షణం కూడా తెగని రకం) పెట్టండి. మెయిన్ కరెంటు నుంచి జనరేటర్‌కు మారే రెండు క్షణాల్లో యాంప్లిఫయర్లు తేరుకుంటాయి, స్విచ్ మాత్రం మొదటి నుంచి మొదలై నిమిషానికి పైగా తీసుకోవచ్చు. యూపీఎస్‌ను ఎఫ్‌ఓహెచ్ దగ్గర పెట్టి వేదిక దగ్గరి స్విచ్‌ను వదిలేయడం నేను తరచుగా చూసే పొరపాటు.

వరుస: స్విచ్‌లు, స్టేజ్ బాక్సులు, మిక్సర్లు, చివర యాంప్లిఫయర్లు. ఆపేటప్పుడు వెనక నుంచి ముందుకు.

6. పేర్లు

డాంటేలో శబ్దం పేరును పట్టుకుని వెళ్తుంది. ఫలానా పేరున్న పరికరంలో ఫలానా పేరున్న చానల్ నాకు కావాలి అని అందుకునే పరికరం గుర్తుపెట్టుకుంటుంది. ప్యాచ్ చేశాక పేరు మార్చారంటే ఆ బంధం తెగిపోతుంది. అందుకే పేర్లు పెట్టాకే ప్యాచ్ చేయాలి.

పరికరాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టాలి. అక్షరాలు, అంకెలు, హైఫన్ మాత్రమే చెల్లుతాయి, 31 అక్షరాలకు మించకూడదు. స్టేజ్ ఎడమ, స్టేజ్ కుడి, ఎఫ్‌ఓహెచ్, మానిటర్ అని అర్థమయ్యేలా పెట్టి అదే పేరును టేపు మీద రాసి పరికరానికి అంటించండి. యమహా రియో స్టేజ్ బాక్సులైతే ఒక్కోదానికి వేరే యూనిట్ ఐడీ కూడా ఉండాలి. రెండు చోట్ల నుంచి అద్దెకు తెచ్చిన బాక్సుల్లో ఒకే ఐడీ ఉండటం మామూలే.

ఐపీ అడ్రసులను వాటంతట అవే తీసుకోనివ్వండి. ప్రైమరీ వైపు 169.254తో, సెకండరీ వైపు 172.31తో మొదలయ్యేవి కనిపిస్తాయి. కొన్నిటికి చేత్తో అడ్రసులిచ్చి కొన్నిటిని వదిలేస్తే సగం పరికరాలు డాంటే కంట్రోలర్‌లో (డాంటే నెట్‌వర్క్‌ను ల్యాప్‌టాప్ నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) కనిపించకుండా పోతాయి.

7. క్లాక్: ఇక్కడ తొందరపడకండి

డిజిటల్ ఆడియోలో ప్రతి పరికరమూ సెకనుకు 48,000 సార్లు శబ్దాన్ని కొలుస్తుంది. అన్నీ ఒకే తాళానికి కొలవాలి. మృదంగం ఒకరిది, ఘటం ఒకరిది అయినా తాళం ఒకటే ఉండాలి కదా, అలాగే. రెండు పరికరాలు ఎవరి తాళం వాళ్లు వేసుకుంటే మొదట్లో తేడా తెలియదు. కొద్దికొద్దిగా జరిగి జరిగి ఒక్కసారి తప్పుతుంది. అప్పుడు వినిపించేదే ఆ ‘టిక్’. సౌండ్‌చెక్‌లో బాగుండి కార్యక్రమంలో బయటపడేది ఈ లోపమే.

నాదస్వరం మొదలైన నిశ్శబ్దంలో ప్రతి కొన్ని సెకన్లకూ టిక్కు వినిపించిన ఒక ముహూర్తం నాకు ఇంకా గుర్తుంది. ఆ రోజు మైకులు మార్చాం, కేబుళ్లు మార్చాం, స్పీకర్లు ఆపి చూశాం. మానిటర్ మిక్సర్ వర్డ్ క్లాక్ (అదే ఆ తాళం) ఇంటర్నల్‌లో, అంటే తన సొంత తాళం మీద ఉందని తెలిసేసరికి తలంబ్రాలు కూడా అయిపోయాయి. అప్పటి నుంచి మొదట క్లాక్ పేజీ తెరవనిదే మరో పరికరం మీద చెయ్యి వేయను.

డాంటేలో చేయవలసిన వరుస ఇది:

1. అన్ని పరికరాల శాంపుల్ రేటు 48 కిలోహెర్ట్జ్‌కు తెండి. రేట్లు వేరైతే ప్యాచ్ పడదు.
2. డాంటే కంట్రోలర్‌లో క్లాక్ స్టేటస్ తెరిచి, ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఒకే ఒక్క పరికరాన్ని ప్రిఫర్డ్ లీడర్‌గా గుర్తించండి. నేను ఎడమ స్టేజ్ బాక్సును పెడతాను. ల్యాప్‌టాప్‌ను కాదు.
3. రెండు మిక్సర్లలోనూ వర్డ్ క్లాక్ పేజీ తెరిచి డాంటే 48 ఎంచుకోండి.
4. బయటి వర్డ్ క్లాక్ పెట్టె లేకపోతే బయటి క్లాక్‌ను అనుసరించే గడిలో టిక్ పెట్టకండి.
5. పది నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. లీడర్ మారిందా? ఏ పరికరం పక్కనైనా మ్యూట్ గుర్తు కనిపిస్తోందా?

ఎక్స్32, ఎం32 జంటకు నియమం ఇంకా సులువు. స్టేజ్ బాక్సులు మానిటర్ మిక్సర్ ఏఈఎస్50 ఏ పోర్టులో, అక్కడి బీ పోర్టు నుంచి ఎఫ్‌ఓహెచ్ మిక్సర్ ఏ పోర్టుకు కేబుల్ అనుకుందాం. మానిటర్ మిక్సర్ సింక్ ఇంటర్నల్, ఎఫ్‌ఓహెచ్ సింక్ ఏఈఎస్50 ఏ. రెండూ ఇంటర్నల్ అయితే టిక్కులు ఖాయం.

8. ప్యాచింగ్, ఆలస్యం

డాంటే కంట్రోలర్‌లో పైన పంపేవి, ఎడమ పక్కన అందుకునేవి. కలిసే గడిలో నొక్కితే పచ్చని టిక్ రావాలి. పసుపు గుర్తు వస్తే ఆ పేరున్న పరికరం నెట్‌వర్క్‌లో దొరకలేదని. అన్నీ అయ్యాక ప్రీసెట్ ఫైలుగా దాచండి.

ఒకే బాక్సును మూడు పరికరాల కంటే ఎక్కువ వింటుంటే ఆ చానళ్లను మల్టీకాస్ట్‌గా మార్చండి. ఆలస్యం 1 మిల్లీసెకను పెడితే దారిలో గిగాబిట్ స్విచ్‌లు పది వరకు ఉన్నా తట్టుకుంటుంది. ఒక మిల్లీసెకనులో శబ్దం గాలిలో సుమారు 34 సెంటీమీటర్లు వెళ్తుంది, అంటే గాయని మానిటర్ స్పీకర్ నుంచి జానెడున్నర వెనక్కి జరిగినంత తేడా. దానికోసం 0.25కు దించి తెగే ప్రమాదం కొనితెచ్చుకోవద్దు.

9. గెయిన్ ఎవరి చేతిలో?

ఒకే మైకు ప్రీయాంప్‌ను (మైకు సిగ్నల్‌ను పెంచే భాగం, ఎంత పెంచాలన్నదే గెయిన్) రెండు మిక్సర్లు పంచుకుంటున్నాయి. ఎఫ్‌ఓహెచ్ ఇంజనీరు గాయకుడి గెయిన్ 6 డెసిబెల్స్ పెంచితే వేదిక మీద మానిటర్ కూడా 6 పెరుగుతుంది, కూత పెడుతుంది. ఇద్దరి మధ్య మాట పట్టింపులు మొదలయ్యేది ఇక్కడే.

సంగీత్‌లో ఒకరి తర్వాత ఒకరు, మేనమామ నుంచి పెళ్లికూతురి స్నేహితురాళ్ల వరకు, అదే మైకు అందుకుంటారు. ఒకరు గొణుగుతారు, ఒకరు అరుస్తారు. గెయిన్ ముట్టుకోకుండా గడవదు కాబట్టి ముందే ఒప్పందం కావాలి.

మానిటర్ ఇంజనీరు వేదికకు దగ్గరగా ఉంటాడు, బాక్సు లైట్లు చూడగలడు. అనలాగ్ గెయిన్, 48 వోల్టుల ఫాంటమ్ (కొన్ని మైకులకు కావలసిన కరెంటు) అతని చేతిలో ఉంచడం నాకు నచ్చిన పద్ధతి. ఎఫ్‌ఓహెచ్ ఇంజనీరు తన మిక్సర్ లోపలి డిజిటల్ గెయిన్ లేదా ట్రిమ్‌తో సర్దుకుంటాడు. ఫాంటమ్ కూడా ఉమ్మడిదే అని మరవకండి. ఒకరు తీస్తే ఇద్దరికీ పోతుంది, పైగా స్పీకర్లలో ధబ్‌మంటుంది.

యమహా సీఎల్, క్యూఎల్ మిక్సర్లు రియో బాక్సులతో ఉంటే గెయిన్ కాంపెన్సేషన్ ఉంది. ముందు సౌండ్‌చెక్‌లో అనలాగ్ గెయిన్ సరిగా పెట్టండి, తర్వాత దాన్ని ఆన్ చేయండి. అప్పటి నుంచి అనలాగ్ గెయిన్ ఎంత మారిస్తే బాక్సు అంతే వ్యతిరేకంగా సరిచేసి నెట్‌వర్క్‌లోకి పంపుతుంది. ముందే ఆన్ చేసి తర్వాత గెయిన్ వెతికితే ఎంత తిప్పినా మీటర్ కదలదు, బాక్సు లోపల మాత్రం క్లిప్ అవుతుంటుంది, అంటే శబ్దం హద్దు దాటి పగులుతుంటుంది. క్లిప్ అయిన శబ్దాన్ని ఈ సౌకర్యం బాగుచేయలేదు.

10. రెండో దారి, లూపు

ప్రైమరీ, సెకండరీ అని రెండు పోర్టులున్న పరికరాలకు రెండు పూర్తిగా వేర్వేరు స్విచ్‌ల జట్లు పెట్టండి. ప్రైమరీకి నీలం కేబుల్, సెకండరీకి ఎరుపు కేబుల్. రెండూ వేర్వేరు దారుల్లో వెళ్లాలి. ఒకే ర్యాంపు కింద పక్కపక్కనే వేస్తే క్యాటరింగ్ బండి రెండింటినీ ఒకేసారి నలిపేస్తుంది.

ఇక లూపు సంగతి. చాలా పరికరాల్లో సెకండరీ పోర్టును రెండు రకాలుగా వాడొచ్చు: రెండో దారిగా, లేదా గొలుసు కట్టడానికి మామూలు స్విచ్ పోర్టుగా. గొలుసు పద్ధతిలో ఉన్న పరికరం రెండు పోర్టులనూ రెండు నెట్‌వర్క్‌లకు కలిపారా, ఆ రెండు నెట్‌వర్క్‌లూ ఒకటైపోతాయి. అలాంటి పరికరాలు రెండున్నా చాలు, లేదా ఒకదాని రెండు పోర్టులూ ఒకే స్విచ్‌లో పెట్టినా చాలు, ప్యాకెట్లు గుండ్రంగా తిరిగి క్షణాల్లో అంతా మూగబోతుంది. ప్రతి పరికరంలో ఈ సెట్టింగును కేబుల్ పెట్టకముందే చూడండి. ఖాళీ పోర్టులకు టేపు వేయండి, మంచి మనసుతోనే ఎవరో ఒకరు విడి కేబుల్‌ను అందులో దోపుతారు.

11. ల్యాప్‌టాప్, టీవీ వాళ్లు, ఐప్యాడ్

రికార్డింగ్‌కు డాంటే వర్చువల్ సౌండ్‌కార్డ్ అనే సాఫ్ట్‌వేర్ 48 కిలోహెర్ట్జ్ దగ్గర 64 చానళ్ల వరకు తీసుకుంటుంది. కేబుల్‌తోనే కలపండి, వైఫై ఆపండి, ఫైర్‌వాల్‌లో అనుమతి ఇవ్వండి.

ప్రత్యక్ష ప్రసారం వాళ్లు ‘మాకు కూడా ఒక నెట్‌వర్క్ వైరు ఇవ్వండి’ అంటే ఇవ్వకండి. వాళ్ల పరికరం మీ క్లాక్‌ను మార్చవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ ఐసొలేషన్‌తో స్టీరియో అనలాగ్ లైను ఇవ్వండి.

ఐప్యాడ్‌తో మిక్సర్ నడపడానికి వేరే రౌటరు పెట్టి, మిక్సర్ కంట్రోల్ పోర్టుకే కలపండి. 5 గిగాహెర్ట్జ్ వాడండి. జనం వచ్చాక వందల ఫోన్లు గాలిలో ఉంటాయి, ఐప్యాడ్ ఎప్పుడైనా తెగిపోవచ్చు. మిక్సర్ దగ్గర ఒక మనిషి ఉండాల్సిందే.

12. చెడగొట్టి చూడటం

జనం రాకముందే, పాట నడుస్తుండగా ఇవి చేయండి:

- రెండో దారి పెట్టి ఉంటే ప్రైమరీ కేబుల్ లాగండి. పాట ఆగకూడదు. మళ్లీ పెట్టండి.
- ఒక స్టేజ్ బాక్సు ఆపి ఆన్ చేయండి. ప్యాచ్ అంతా తనంతట తానే తిరిగి రావాలి. వచ్చేందుకు పట్టే సమయం రాసుకోండి.
- జనరేటర్‌కు మార్చమని ఎలక్ట్రీషియన్‌ను అడగండి.
- ప్రతి మైకునూ వేదిక మీద గోకి, రెండు మిక్సర్లలోనూ అదే చానల్ కదులుతోందో చూడండి.

13. తేడా వస్తే ఎక్కడ చూడాలి

- క్రమం తప్పకుండా టిక్కులు: క్లాక్. మరొకటి ముట్టుకోకండి.
- ఉండుండి క్షణంపాటు శబ్దం పోవడం: ఈఈఈ, నలిగిన కేబుల్. ఏఈఎస్50 అయితే షీల్డు.
- పచ్చని టిక్ ఉంది, శబ్దం లేదు: నెట్‌వర్క్ బాగానే ఉంది. మిక్సర్ లోపలి ఇన్‌పుట్ ప్యాచ్ చూడండి.
- పరికరమే కనిపించడం లేదు: ల్యాప్‌టాప్ సెకండరీ స్విచ్‌లో ఉందేమో, ఐపీ వేరుగా ఉందేమో.
- ఒక్కసారిగా అన్నీ మూగ: లూపు. చివరగా ఎవరు ఏ కేబుల్ పెట్టారో అడిగి అది తీయండి.
- పేరు చివర 2 అనే అంకె చేరింది: ఒకే పేరుతో రెండు పరికరాలున్నాయి.

విప్పేటప్పుడు అనుమానం ఉన్న కేబుల్‌కు ఎర్ర టేపు చుట్టి వేరే పెట్టెలో వేయండి. మర్నాడు ఉదయం గోడౌన్‌లో దాన్ని పరీక్షించి, పాడైతే అక్కడే రెండుగా కత్తిరించండి. లేకపోతే అది మళ్లీ మంచి కేబుళ్లలో కలిసి ఇంకో పెళ్లికి వెళ్తుంది.